ఫారం వన్ దాకా ఒక ఎత్తు, ఫారం వన్ ఒక ఎత్తు: కెన్యాలో ఒక అమ్మాయిని చదివించిన అనుభవం

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. పశ్చిమ కెన్యాలో, విక్టోరియా సరస్సు వైపు ఉన్న ఒక పల్లెలోని అమ్మాయి చదువుకు 2018 నుంచి డబ్బు కడుతున్నాను. మొదలుపెట్టినప్పుడు ఆమె ఆరో తరగతి. అప్పటి పద్ధతిలో ఎనిమిదో తరగతితో ప్రైమరీ అయిపోయేది, తర్వాత ఫారం వన్ నుంచి ఫారం ఫోర్ దాకా నాలుగేళ్లు సెకండరీ. ఇప్పుడు నర్సింగ్ డిప్లొమా చదువుతోంది. ఈ మధ్య తెలిసినవాళ్లు చాలామంది ‘మేమూ ఒక బిడ్డను చదివిద్దామనుకుంటున్నాం, ఎలా?’ అని అడుగుతున్నారు. అందుకే నాకు తెలిసింది ఒకచోట రాసిపెడుతున్నాను. అమ్మాయి పేరు, ఊరి పేరు, సంస్థ పేరు ఇందులో ఉండవు. పిల్లల వివరాలు బయటపెట్టనని సంతకం చేశాకే నన్ను స్పాన్సర్‌గా తీసుకున్నారు. ఆ షరతు పెట్టారనే వాళ్ల మీద నాకు మొదటి నమ్మకం కలిగింది.

ముందు పెద్ద సంస్థల వైపే చూశాను. వాటి పద్ధతులు బాగానే ఉన్నాయి, కానీ చాలాచోట్ల స్పాన్సర్ డబ్బు ఊరంతటి కార్యక్రమాలకు కలిపి ఖర్చు పెడతారు. అది తప్పేమీ కాదు. ఒక బిడ్డ స్కూలు ఫీజు ఆగకుండా చూడాలన్నది నా కోరిక. ఆఫీసులో ఒక సహోద్యోగి తాను ట్రస్టీగా ఉన్న చిన్న చారిటీ గురించి చెప్పారు. గతంలో అక్కడి స్కూల్లో వాలంటీర్లుగా పనిచేసిన ఇద్దరు రిటైర్డ్ టీచర్లు మొదలుపెట్టిన సంస్థ అది. మొత్తం పిల్లలు యాభై మంది లోపే.

తెలిసినవాళ్లు చెప్పారని వెంటనే డబ్బు కట్టలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో రిజిస్టరైన చారిటీల వివరాలన్నీ చారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. రిజిస్టర్ నంబరు, ట్రస్టీల పేర్లు, ఏటా వచ్చిన డబ్బు, ఖర్చయిన డబ్బు అన్నీ ఉంటాయి. నేను పాత సంవత్సరాల లెక్కలు కూడా తీసి చదివాను. అందులో నేను వెతికింది అక్కడ మనిషి ఉన్నారా, ఆ మనిషికి జీతం ఇస్తున్నారా అన్నది. ‘మీరిచ్చే ప్రతి పైసా పిల్లలకే, నిర్వహణ ఖర్చు సున్నా’ అని చెప్పుకునే సంస్థలంటే నాకు భయం. స్కూలుకు వెళ్లి హాజరు చూసేదెవరు, రసీదు తెచ్చేదెవరు, పిల్ల రెండు వారాలు బడికి రాకపోతే ఇంటికి వెళ్లి అడిగేదెవరు? ఆ పని ఊరికే జరగదు. ఈ సంస్థకు అక్కడ ఒక కోఆర్డినేటర్ ఉన్నారు. రిటైరైన హెడ్మాస్టరు. ఊళ్లో అందరూ ఆయన్ని ‘మ్వాలిము’ అని పిలుస్తారు, స్వాహిలీలో మాస్టారు అన్నమాట. నెలకింత అని ఆయనకు జీతం ఇస్తున్నట్టు లెక్కల్లో స్పష్టంగా ఉంది.

తర్వాత ట్రస్టీతో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. ఫీజు ఇంటివాళ్ల చేతికిస్తారా, స్కూలుకే కడతారా అని అడిగితే, నేరుగా స్కూలు బ్యాంకు ఖాతాకే అన్నారు. బస్సు చార్జీలు, సబ్బు, పుస్తకాల్లాంటి చిల్లర ఖర్చులకు మాత్రం ఎంపెసాలో వేస్తారట. ఫోన్ నంబరు మీద డబ్బు పంపే ఈ ఎంపెసా అక్కడ 2007లో మొదలై, బ్యాంకు ఖాతా లేని పల్లెలకు కూడా చేరిపోయింది. పిల్లల్ని ఎవరు ఎంపిక చేస్తారంటే, స్కూలు టీచర్లు, ఊరి పెద్దలు, మ్వాలిము కలిసి అన్నారు. చివరిగా నేను అడిగింది: ‘నా ఉద్యోగం పోతే ఆ అమ్మాయి గతేంటి?’ స్పాన్సర్ మానేసినా బిడ్డ చదువు ఆగకుండా విడిగా ఒక నిధి ఉందని, అందులో ఎంత ఉందో కూడా చెప్పారు. ఈ ప్రశ్నకు నసిగే సంస్థ అయితే దానితో వద్దు అనే చెబుతాను ఎవరికైనా.

ఫోటోల్లోంచి పిల్లను ఎంచుకునే పద్ధతి వాళ్లకు లేదు. జాబితాలో ముందున్న బిడ్డకు కొత్త స్పాన్సర్‌ను కేటాయిస్తారు. ముఖాలు చూసి ఒకరిని తీసుకుని, మరొకరిని పక్కన పెట్టాల్సిన అవసరం నాకు రాలేదు. అందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

కాగితాల పని పెద్దగా లేదు. ఒక ఫారం, నెలనెలా బ్యాంకు నుంచి వెళ్లే స్టాండింగ్ ఆర్డర్, పిల్లల భద్రత నియమాల మీద సంతకం, గిఫ్ట్ ఎయిడ్ డిక్లరేషన్. ఇక్కడ ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఈ డిక్లరేషన్ ఇస్తే, మనమిచ్చే ప్రతి పౌండుకు చారిటీ ప్రభుత్వం నుంచి ఇంకో 25 పెన్స్ తెచ్చుకోవచ్చు. ప్రైమరీ పిల్లలకు నెలకు 12 పౌండ్లు, సెకండరీకి వెళ్లాక 30 పౌండ్లు అని మొదట్లోనే చెప్పారు. 30 కడితే వాళ్ల చేతికి 37 పౌండ్ల 50 పెన్స్ అందుతాయి.

ఆ రెండు మొత్తాల మధ్య అంత తేడా ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

కెన్యాలో ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్లలో 2003 నుంచి ఫీజు లేదు. ఆ ఏడాది పది లక్షలకు పైగా పిల్లలు కొత్తగా బడిలో చేరారు. మరుసటి ఏడాది కిమానీ మరూగే అనే 84 ఏళ్ల పెద్దాయన మునిమనవళ్ల వయసు పిల్లల పక్కన ఒకటో తరగతిలో కూర్చున్నారు. అంత గొప్ప మార్పు అది. అయినా యూనిఫాం, బూట్లు, మధ్యాహ్న భోజనం, పరీక్ష కాగితాల ఖర్చు ఇంటివాళ్లదే. మా అమ్మాయిని పెంచింది వాళ్ల నానమ్మ. సరస్సు చుట్టుపక్కల కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) హెచ్‌ఐవీ ఒక తరం తల్లిదండ్రుల్లో చాలామందిని తీసుకుపోయింది. మనవళ్లను సాకుతున్న నానమ్మలు, అమ్మమ్మలు అక్కడ ప్రతి పల్లెలో ఉన్నారు. ఆ ఇంటికి 12 పౌండ్లు యూనిఫాం, భోజనం, సోలార్ దీపం అయ్యాయి. ఆ అమ్మాయి ఎలాగూ బడికి వెళ్తూనే ఉంది. ఆకలి లేకుండా, బూట్లతో వెళ్లింది, అంతే.

ఏడాదికి మూడు టర్ములు, టర్ముకో ఉత్తరం. అన్నీ సంస్థ ద్వారానే. నేరుగా ఫోన్లు, ఫేస్‌బుక్ స్నేహాలు, బహుమతులు, ‘నేను నిన్ను ఇక్కడికి తీసుకొస్తాను’ లాంటి మాటలు పనికిరావు. మొదటి ఉత్తరాల్లో కృతజ్ఞతలు తప్ప ఇంకేమీ లేవు. ‘మీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను’ అని పదకొండేళ్ల పిల్ల రాస్తే నాకు బాధేసింది. తన చదువు తన హక్కు, దానికి నాకు ఉత్తరమ్ముక్కతో బాకీ తీర్చనక్కర్లేదు. కృతజ్ఞతలు వద్దని, బళ్లో ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో రాయమని మ్వాలిము ద్వారా చెప్పించాను. నెమ్మదిగా ఉత్తరాలు మారాయి. వాలీబాల్ జట్టులో చోటు దొరకడం, సరస్సులో పట్టి ఎండబెట్టే ఒమేనా చేపల వాసన, లెక్కల టీచరు మీద కోపం, అన్నీ వచ్చాయి. ఆ కోపం చదివాక హాయిగా అనిపించింది.

2020లో ఆమె ఎనిమిదో తరగతి. ప్రైమరీలో ఆఖరు సంవత్సరం. చివర్లో కేసీపీఈ అనే పరీక్ష, 500 మార్కులకు. మార్చి 15న దేశంలో స్కూళ్లన్నీ మూసేస్తున్నట్టు ప్రకటించారు. పాఠాలు రేడియోలో, టీవీలో వస్తాయన్నారు. కరెంటు లేని ఇంట్లో ఆ పాఠాలు ఎలా వినాలి? సంస్థ మా అందరికీ మెయిల్ పెట్టింది: ఈ టర్ములకు ఫీజు లేదు, మీ డబ్బు తిండి గింజలకు, రేడియోలకు, మ్వాలిము తిరుగుడుకు వాడుకోవచ్చా? నేను వెంటనే సరే అన్నాను. కొందరు స్పాన్సర్లు మాత్రం బడే లేనప్పుడు డబ్బెందుకని ఆపేశారు. వాళ్ల ఉద్యోగాలు కూడా ఊగిసలాడుతున్న రోజులవి, నిందించలేను. ఆ పిల్లల్ని కాపాడింది ఆ విడి నిధే.

నా దృష్టిలో ఈ సంస్థ అసలు విలువ తెలిసింది ఆ నెలల్లోనే. మ్వాలిము మాస్కు కట్టుకుని, బోడాబోడా అనే అద్దె మోటార్‌సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి పాత ప్రశ్నపత్రాలు పంచారు. వారం వారం మళ్లీ వెళ్లి దిద్దారు. పాఠాలకన్నా ఆయన వెళ్లడం ముఖ్యం. బడి లేని ఆడపిల్లకు పెళ్లి సంబంధం, పట్నంలో ఇంటిపని, ఇంకా ఘోరమైనవి ఎదురుచూస్తుంటాయి. ‘ఈ పిల్ల గురించి అడిగేవాళ్లున్నారు’ అని ఊరికి తెలియడమే ఒక రక్షణ. అయినా సంస్థ పిల్లల్లో కొందరు తిరిగి బడికి రాలేదు. వాళ్లెవరో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. ట్రస్టీల రిపోర్టులో ఆ వాక్యం చదివినప్పుడు మాత్రం చాలాసేపు ఇంకేమీ చేయలేకపోయాను.

పరీక్ష రాయాల్సిన తరగతులను ముందుగా అక్టోబరు 12న పిలిచారు, మిగతావాళ్లకు 2021 జనవరిలో తెరిచారు. మా అమ్మాయి అక్టోబరులోనే వెళ్లింది. కేసీపీఈ 2021 మార్చిలో జరిగింది. ఆమె మార్కులు మూడు వందలు దాటాయి. కౌంటీ స్థాయి బోర్డింగ్ స్కూల్లో ఫారం వన్‌లో సీటొచ్చింది.

12కి, 30కి తేడా అప్పుడు తెలిసింది. కెన్యాలో డే సెకండరీ స్కూళ్లలో 2008 నుంచి ట్యూషన్ ఫీజు లేదు. అప్పట్లో ఒక్కో విద్యార్థికి ఏడాదికి 22,244 కెన్యా షిల్లింగులు ప్రభుత్వమే స్కూలుకిచ్చే లెక్క. కానీ బోర్డింగ్ ఖర్చు తల్లిదండ్రులదే. జాతీయ స్థాయి స్కూళ్లకు ఏడాదికి 53,554 షిల్లింగులు, కౌంటీ స్కూళ్లకు 40,535 అని ప్రభుత్వం పరిమితి పెట్టింది. కరోనా వల్ల ఆ విద్యాసంవత్సరం కుదించి, కౌంటీ స్కూళ్లకు 35,035 చేశారు. పైగా అది మూడు సమాన భాగాలు కాదు. మొదటి టర్ములో సగం, రెండో టర్ములో 30 శాతం, మూడో టర్ములో 20 శాతం. అంటే చేరే రోజే సగం డబ్బు చేతిలో ఉండాలి.

దానికి తోడు అడ్మిషన్ లెటర్ వెనక జాబితా. ఇనప ట్రంకు పెట్టె, తాళం, పరుపు, దుప్పట్లు, బకెట్టు, రెండు జతల యూనిఫాం, స్వెట్టర్, నల్ల బూట్లు, ఆటల బూట్లు, డిక్షనరీ, స్వాహిలీ నిఘంటువు, అట్లాసు, కాలిక్యులేటర్, ఏడాదికి సరిపడా నోటు పుస్తకాలు, శానిటరీ ప్యాడ్లు. ఆ కాపీ నాకు పంపినప్పుడు కూర్చుని ఒక్కో వస్తువుకూ ధర వేసుకున్నాను. కూలి డబ్బు మీద బతికే ఇంటికి ఇది అయ్యే పని కాదు. కేసీపీఈలో మంచి మార్కులు తెచ్చుకుని కూడా ఎంతోమంది ఈ జాబితా దగ్గరే ఆగిపోయేవారు. చిన్న సంస్థ ఏదైనా నన్ను సలహా అడిగితే, ప్రైమరీలో పదిమందిని తీసుకోవడం కన్నా, ఈ మెట్టు దగ్గర నలుగురిని పట్టుకుని చివరిదాకా వదలకుండా ఉండమంటాను.

అంతా మేమే ఇచ్చామని అనుకుంటే అన్యాయం. ఊళ్లో హరాంబే పెట్టారు. ఏ అవసరానికైనా ఊరంతా కలిసి చందా వేసుకునే ఆచారం అది. పరుపు, ట్రంకు పెట్టె అలా వచ్చాయి. నానమ్మ ఒక మేకను అమ్మి బూట్లు కొన్నదట. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం సంస్థ చూసుకుంది.

ఫారం టూలో ఉన్నప్పుడు ఒకసారి ఇక్కడి నుంచి పంపిన డబ్బు మధ్యలో ఒక బ్యాంకు తనిఖీ పేరుతో ఆపేసింది. టర్ము మొదలై ఫీజు అందకపోయేసరికి, బాకీ ఉన్న పిల్లలతో పాటు ఆమెనూ ఇంటికి పంపేశారు. అక్కడ ఇది మామూలే, ‘ఫీజు తెచ్చుకో’ అని గేటు దగ్గరి నుంచే తిప్పి పంపుతారు. ఎప్పుడు ఏ మెయిల్ వస్తుందోనని ఆ వారమంతా నాకు టెన్షనే. డబ్బు చేరింది, ఆమె వెళ్లింది. ఆ తర్వాత సంస్థ ఒక టర్ము ఫీజుకు సరిపడా మొత్తం ఎప్పుడూ కెన్యా ఖాతాలోనే ఉంచడం మొదలుపెట్టింది. మారకపు రేటుతో కూడా ఇదే తంటా. 2024 జనవరిలో పౌండుకు 200 షిల్లింగులకు పైగా వచ్చేవి, కొద్ది నెలల్లోనే 165 దగ్గరికి దిగిపోయాయి. అదే 30 పౌండ్లు, కొనేది మాత్రం తక్కువ. మీరు చేరబోయే సంస్థ దగ్గర దీనికి తట్టుకునే నిల్వ ఉందో లేదో లెక్కల్లో చూడండి.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అన్న సందేహం నాకూ ఉండేది. బ్రూస్ వైడిక్, పాల్ గ్లెవీ, లెయిన్ రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు ఆరు దేశాల్లో కంపాషన్ అనే పెద్ద సంస్థ స్పాన్సర్ చేసిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో చూసి 2013లో ప్రచురించారు. సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని తేలింది. నాకు ధైర్యం ఇచ్చిన సమాచారమే ఇది, కానీ అక్కడి పిల్లలకు వారం వారం సెంటర్లలో పాఠాలు, ఆరోగ్య సేవలు కూడా ఉండేవి. ఆ ఫలితం మా చిన్న సంస్థకు అలాగే వర్తిస్తుందని నేను అనను. ఇంకో పక్క, మా అమ్మాయి ఉన్న వైపే బుసియాలో నులిపురుగుల మాత్రలు ఇస్తే బడికి గైర్హాజరు నాలుగో వంతు తగ్గిందని ఎడ్వర్డ్ మిగెల్, మైఖేల్ క్రెమర్ 2004లో చూపించారు. పౌండుకు ఎంత చదువు అని లెక్కేస్తే మాత్రలే నెగ్గొచ్చు. నాకు రెండూ కావాలి. మాత్రలు బడికి రప్పిస్తాయి, ట్రంకు పెట్టె మాత్రం కొనిపెట్టవు.

2023లో నా ఖర్చులతో ఒకసారి వెళ్లాను. ముందే పోలీసు రికార్డు తనిఖీ చేయించుకోవాలి, అమ్మాయిని ఒంటరిగా కలవకూడదు, స్కూల్లో టీచరు ఎదుటే కలవాలి. ఈ నియమాలు కఠినంగా ఉన్నాయనే స్పాన్సర్లు ఉంటారు, నేను మాత్రం ఇంకా కఠినంగా ఉన్నా ఒప్పుకుంటాను. మేం బయాలజీ గురించి, వాలీబాల్ గురించి మాట్లాడుకున్నాం. ఆమె నాకన్నా తక్కువ బెరుగ్గా ఉంది. తర్వాత మ్వాలిముతో కలిసి నానమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ లువో భాషలో మాట్లాడితే మ్వాలిము ఇంగ్లీషులో చెప్పారు. కుశలప్రశ్నలయ్యాక ఆవిడ సూటిగా అడిగారు: ‘మరి తమ్ముడి సంగతేంటి?’ అబ్బాయి అక్కడే నిలబడి ఉన్నాడు. ఒక ఇంట్లో ఒక బిడ్డకు దారి దొరికి, పక్కనున్న బిడ్డకు దొరకకపోతే ఆ ఇల్లు దాన్నెలా మోయాలి? అక్కడికక్కడ నేను మాటివ్వలేదు, ఇవ్వకూడదు కూడా. ట్రస్టీలకు రాస్తానన్నాను, రాశాను. ఇంటికి ఒక్కరన్న నియమం మీద వాళ్లు చాలా చర్చించారు. పెద్దబిడ్డ సెకండరీ పూర్తయితే ఆ చోటు అదే ఇంట్లో తర్వాతి బిడ్డకు ఇవ్వొచ్చని మార్చారు.

2024 నవంబరులో ఆమె కేసీఎస్‌ఈ రాసింది, సెకండరీ చివరి పరీక్ష. జనవరిలో ఫలితాలు. ‘సీ ప్లెయిన్’ వచ్చింది. యూనివర్సిటీకి ‘సీ ప్లస్’ కావాలి, దేశం మొత్తం మీద అది తెచ్చుకున్నవాళ్లు నాలుగో వంతే. ఒక్క గ్రేడు తక్కువైందని చాలా ఏడ్చిందని మ్వాలిము రాశారు. నర్సింగ్ డిప్లొమాకు సీ ప్లెయిన్ చాలని, కెన్యా మెడికల్ ట్రైనింగ్ కాలేజీకి దరఖాస్తు పెట్టొచ్చని ఆయనే నచ్చజెప్పి ఫారం పెట్టించారు. ఫీజు బాకీ ఒక్క షిల్లింగు కూడా లేదు కాబట్టి స్కూలు నుంచి సర్టిఫికెట్ వెంటనే వచ్చింది. బాకీ ఉంటే చాలా స్కూళ్లు దాన్ని పట్టుకుని కూర్చుంటాయి. 2025 సెప్టెంబరులో కాలేజీలో చేరింది.

సంస్థ బాధ్యత ఫారం ఫోర్‌తో అయిపోతుందని మొదటి నుంచీ ఉంది. డిప్లొమాకు కొంత ప్రభుత్వ విద్యా రుణం ‘హెల్బ్’ నుంచి, మిగతాది నేనూ ఇంకో ఇద్దరు స్పాన్సర్లూ కలిసి సంస్థ ద్వారానే కడుతున్నాం.

ఈలోగా అక్కడి చదువుల పద్ధతే మారింది. పాత కేసీపీఈ 2023తో ఆగిపోయింది. ఇప్పుడు ఏడు నుంచి తొమ్మిది తరగతులు జూనియర్ స్కూలు పేరుతో ప్రైమరీ బడి ఆవరణలోనే జరుగుతున్నాయి, సీనియర్ స్కూలు గ్రేడ్ 10తో మొదలవుతుంది. ఫారం వన్ దగ్గరుండే కష్టం ఇప్పుడు గ్రేడ్ 10 దగ్గరికి జరిగింది. కొత్తగా స్పాన్సర్ చేద్దామనుకునేవాళ్లు ఏ తరగతిలో ఖర్చు పెరుగుతుందో సంస్థను ముందే అడగండి, ఆ ఏడాదికి డబ్బు పక్కన పెట్టుకోండి. మా అమ్మాయి తమ్ముడు ఈ కొత్త పద్ధతిలో మొదటి బ్యాచ్‌వాడే. తొమ్మిదో తరగతి పరీక్ష రాసి, 2026 జనవరిలో ఇంటి దగ్గరి డే స్కూల్లో గ్రేడ్ 10లో చేరాడు. నెలనెలా వెళ్లే 30 పౌండ్లు ఇప్పుడు అతని పేరు మీద వెళ్తున్నాయి. డే స్కూలు కాబట్టి బోర్డింగ్ ఖర్చు లేదు, భోజనం, యూనిఫాం, పుస్తకాలు పోగా మిగిలింది వచ్చే ఏడాదికి దాచమని చెప్పాను.